కొత్త కంప్యూటర్‌కు మారాక ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోందా? లోపం ఎక్కడుందో ఇలా తేల్చుకోండి

కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పాత కంప్యూటర్‌లోని బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇందులోకి తెచ్చుకున్నారు. బుక్‌మార్కులు వచ్చాయి, హిస్టరీ వచ్చింది. తీరా జీఎస్టీ రిటర్న్ వేద్దామని కూర్చుంటే డిజిటల్ సంతకం దగ్గర పని ఆగిపోయింది. ఇంకో వెబ్‌సైట్ తెరిస్తే ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటూ హెచ్చరిక. పాత కంప్యూటర్‌లో నిన్నటిదాకా మామూలుగా తెరుచుకున్న సైట్లే ఇవన్నీ.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో కంప్యూటర్ మార్చేవాళ్లు, విండోస్ 11కు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. మారిన వెంటనే ఎక్కువగా తికమక పెట్టే సమస్యల్లో ఇదొకటి. ఇది గడువు రోజున ఎదురైతే నష్టం డబ్బు రూపంలోనే ఉంటుంది. జీఎస్టీఆర్-3బీ ఆలస్యమైతే రోజుకు రూ.50, నిల్ రిటర్న్ అయితే రోజుకు రూ.20 ఆలస్య రుసుము పడుతుంది. కట్టాల్సిన పన్ను ఉంటే దానిపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

ఈ కంగారులో ఎక్కువమంది రెండు పొరపాట్లు చేస్తుంటారు. ఒకటి, హెచ్చరిక వచ్చిన ప్రతిచోటా ‘అడ్వాన్స్‌డ్’, ఆపై ‘ప్రొసీడ్’ నొక్కుకుంటూ పోవడం. రెండు, గూగుల్‌లో దొరికిన ఏదో ‘కస్టమర్ కేర్’ నంబర్‌కు ఫోన్ చేసి, అవతలివాళ్లు చెప్పినట్టు కంప్యూటర్‌ను వాళ్ల చేతికి అప్పగించడం. ఈ రెండూ అక్కర్లేదు. లోపం సైట్‌దా, మీ కంప్యూటర్‌దా, ప్రొఫైల్‌దా అన్నది పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

బ్రౌజర్ ఏం తనిఖీ చేస్తుంది?

హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే ఏ సైట్ తెరిచినా, ఆ సైట్ ముందుగా తన సర్టిఫికెట్‌ను చూపిస్తుంది. గెజిటెడ్ అధికారి అటెస్ట్ చేసిన పత్రం లాంటిదన్నమాట. బ్రౌజర్ అందులో ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది. పత్రం మీద ఉన్న పేరు, మీరు తెరిచిన సైట్ పేరు ఒకటేనా? గడువు ఉందా? సంతకం పెట్టిన సంస్థ తనకు తెలిసిన నమ్మకమైన జాబితాలో ఉందా? వీటితో పాటు, డేటాను రహస్యంగా పంపడానికి సైట్ వాడే పద్ధతి మరీ పాతదేమోనని కూడా చూస్తుంది. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆపేస్తుంది.

ఈ నమ్మకమైన సంస్థల జాబితానే ‘రూట్ స్టోర్’ అంటారు. ఫైర్‌ఫాక్స్‌కు మొదటి నుంచీ సొంత జాబితా ఉంది. క్రోమ్ కూడా 2022లో వచ్చిన 105వ వెర్షన్ నుంచి విండోస్, మ్యాక్‌లలో సొంత జాబితాకు మారడం మొదలుపెట్టింది. అందుకే ఒకే కంప్యూటర్‌లో ఒక సైట్ ఒక బ్రౌజర్‌లో తెరుచుకుని, ఇంకో బ్రౌజర్‌లో ఆగిపోవచ్చు.

ప్రొఫైల్‌తో పాటు ఏమేం వస్తాయి?

ప్రొఫైల్ అంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మాత్రమే అనుకుంటాం. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో భద్రతకు సంబంధించిన ఫైళ్లు కూడా ఉంటాయి. ‘సర్ట్9.డీబీ’ అనే ఫైల్‌లో మీరు గానీ, మీ యాంటీవైరస్ గానీ అదనంగా చేర్చిన సర్టిఫికెట్లు ఉంటాయి. ‘కీ4.డీబీ’లో పాస్‌వర్డ్‌లను, డిజిటల్ సర్టిఫికెట్లను తెరిచే తాళంచెవులు ఉంటాయి. ‘సర్ట్ ఓవర్‌రైడ్’ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో, ‘ఈ సైట్‌ను నమ్ముతాను’ అని గతంలో మీరిచ్చిన మినహాయింపులు రాసి ఉంటాయి. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ ఏ ఫోల్డర్‌లో ఉందన్న వివరం ‘పీకేసీఎస్11’ అనే ఫైల్‌లో ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే. ఇవన్నీ పాత కంప్యూటర్‌కు సరిపోయిన వివరాలు. కొత్త కంప్యూటర్‌లో ఆ యాంటీవైరస్ వేరు, ఆ డ్రైవర్ ఉన్న చోటు వేరు. కొన్ని ఫైళ్లు తెచ్చి కొన్ని వదిలేస్తే ఇంకో ఇబ్బంది. కీ4.డీబీ లేకుండా పాస్‌వర్డ్‌ల ఫైల్ ఒక్కటే తెస్తే అది తెరుచుకోదు.

క్రోమ్ సంగతి వేరు. విండోస్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లు, కుకీలు ఆ కంప్యూటర్‌లోని విండోస్ ఖాతాకు ముడిపడి ఉంటాయి. ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసినా కొత్త కంప్యూటర్ వాటిని చదవలేదు. గూగుల్ ఖాతాతో సింక్ చేసుకుంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వస్తాయి కానీ, విండోస్‌లో ఉన్న డిజిటల్ సర్టిఫికెట్లు, హెచ్చరికలకు మీరిచ్చిన మినహాయింపులు రావు.

ఎక్కువగా దొరికే నలుగురు దోషులు

1. యాంటీవైరస్: కొన్ని యాంటీవైరస్‌లు హెచ్‌టీటీపీఎస్ సైట్లను కూడా స్కాన్ చేస్తాయి. అందుకోసం మీ బ్రౌజర్‌కు, సైట్‌కు మధ్య నిలబడి, సైట్ సర్టిఫికెట్ బదులు తాము తయారుచేసిన సర్టిఫికెట్‌ను చూపిస్తాయి. బ్రౌజర్ అభ్యంతరం చెప్పకుండా తమ రూట్ సర్టిఫికెట్‌ను నమ్మకమైన జాబితాలో చేర్చుకుంటాయి. కంప్యూటర్ మారాక, కొత్తగా వేసిన యాంటీవైరస్ కొత్త రూట్ తయారుచేసుకుంటుంది. మీరు తెచ్చిన ప్రొఫైల్‌లో మాత్రం పాతది ఉంటుంది. రెండూ కలవవు. ఒక్క సైట్ కాదు, దాదాపు అన్ని సైట్లకూ హెచ్చరిక వస్తుంటే, ముఖ్యంగా ఫైర్‌ఫాక్స్‌లో ‘అన్‌నోన్ ఇష్యూయర్’ లేదా ‘ఎంఐటీఎం డిటెక్టెడ్’ అన్న మాట కనిపిస్తే ముందుగా దీన్నే అనుమానించండి.

2. పోయిన మినహాయింపు: జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టడానికి ‘ఎమ్‌సైనర్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. పోర్టల్ పేజీ దానితో 127.0.0.1:1585 అనే చిరునామాలో మాట్లాడుతుంది. 127.0.0.1 అంటే బయట ఎక్కడో ఉన్న సర్వర్ కాదు, మీ కంప్యూటరే. దాని సర్టిఫికెట్‌ను బ్రౌజర్ తనంతట తాను నమ్మకపోతే మీరు ఒకసారి ఒప్పుకోవాలి. పాత కంప్యూటర్‌లో ఎప్పుడో ఒప్పుకుని ఉంటారు, గుర్తుండదు. కొత్త ప్రొఫైల్‌లో ఆ మినహాయింపు లేదు. కనుక ఎమ్‌సైనర్ నడుస్తున్నా ‘ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్’ అని వస్తుంది. క్రోమ్ ఇలాంటి మినహాయింపును కొద్ది రోజులే గుర్తుంచుకుంటుంది. అందుకే నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు కంప్యూటర్ మార్చకపోయినా ఇది ఎదురుకావచ్చు.

3. తప్పు తేదీ: చాలాకాలం మూలన పెట్టిన కంప్యూటర్‌ను మళ్లీ వాడితే, మదర్‌బోర్డుపై ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోవచ్చు. అప్పుడు సరైన సర్టిఫికెట్ కూడా బ్రౌజర్‌కు ‘ఇంకా అమల్లోకి రానిది’గా కనిపిస్తుంది. హెచ్చరికలో ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అన్న మాట ఉంటే ముందు గడియారం చూడండి.

4. పాతబడ్డ పద్ధతి: బ్రౌజర్‌ను అప్‌గ్రేడ్ చేసిన వెంటనే ఒకే ఒక్క సైట్ ఆగిపోతే, ఆ సైట్ పాత పద్ధతినే వాడుతుండవచ్చు. దీనికి మంచి ఉదాహరణ 2020లో ఉంది. టీఎల్‌ఎస్ 1.0, 1.1 అనే పాత పద్ధతులను ఆపేస్తామని ప్రధాన బ్రౌజర్ సంస్థలు 2018లోనే ప్రకటించాయి. 2020 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 74తో వాటిని ఆపేసిన మొజిల్లా, కొద్ది రోజులకే మళ్లీ తెరిచింది. కరోనా సమాచారం ఇస్తున్న కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇంకా పాత పద్ధతిలోనే ఉండటమే కారణం. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 78వ వెర్షన్‌లో మళ్లీ ఆపేసింది.

పది నిమిషాల పరీక్ష

ఈ వరుసలోనే చేయండి.

ముందుగా కంప్యూటర్ తేదీ, సమయం, టైమ్ జోన్ చూడండి. సెట్టింగ్స్‌లో ‘సెట్ టైమ్ ఆటోమేటిక్‌గా’ అన్న ఆప్షన్ ఆన్‌లో ఉండాలి.

తర్వాత అదే సైట్‌ను మీ ఫోన్‌లో తెరవండి. ఇంట్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి. ఫోన్‌లోనూ అదే హెచ్చరిక వస్తే లోపం దాదాపుగా సైట్‌దే. మీ కంప్యూటర్‌లో ఏమీ మార్చకండి, కొన్ని గంటలు ఆగండి. ఫోన్‌లో మామూలుగా తెరుచుకుంటే లోపం మీ వైపు ఉంది. అది కంప్యూటర్‌లో ఉండవచ్చు, వైఫైలో ఉండవచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌కు కంప్యూటర్‌ను కలిపి చూస్తే ఆ తేడా కూడా తెలిసిపోతుంది.

మూడోది, అదే కంప్యూటర్‌లో ఖాళీ ప్రొఫైల్‌తో చూడండి. క్రోమ్‌లో కుడివైపు పైన మీ ఫొటో గుర్తు నొక్కి కొత్త ప్రొఫైల్ చేర్చవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో ‘అబౌట్:ప్రొఫైల్స్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే కొత్త ప్రొఫైల్ తయారుచేసే పేజీ వస్తుంది. ఇన్‌కాగ్నిటో విండో ఈ పరీక్షకు సరిపోదు. అది కూడా అదే ప్రొఫైల్‌లోని సర్టిఫికెట్లనే వాడుతుంది. ఖాళీ ప్రొఫైల్‌లో సైట్ తెరుచుకుంటే దోషి మీరు తెచ్చుకున్న పాత ప్రొఫైలే. అందులోనూ హెచ్చరిక వస్తే యాంటీవైరస్ వైపు చూడండి.

నాలుగోది, సర్టిఫికెట్ ఎవరిచ్చారో చదవండి. అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కితే సర్టిఫికెట్ వివరాలు వస్తాయి. క్రోమ్‌లో 2023 నుంచి తాళం బొమ్మ బదులు రెండు చిన్న గీతల గుర్తు ఉంటోంది. ‘ఇష్యూడ్ బై’ అన్నచోట మీ యాంటీవైరస్ పేరు ఉంటే విషయం తేలిపోయినట్టే. మీకు ఏమాత్రం తెలియని పేరు ఉంటే ఆ కనెక్షన్ మీద పాస్‌వర్డ్ కొట్టకండి.

సరిచేయడం ఎలా?

యాంటీవైరస్ అయితే: దాని సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్‌ను ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి చూడండి. సమస్య పోతే ఆ స్కానింగ్‌ను మళ్లీ ఆన్ చేయండి. కొన్ని యాంటీవైరస్‌లు ఆన్ చేసినప్పుడు తమ కొత్త రూట్‌ను బ్రౌజర్‌లో మళ్లీ చేర్చుకుంటాయి. యాంటీవైరస్‌ను పూర్తిగా తీసేయాల్సిన పని లేదు. ఫైర్‌ఫాక్స్‌లోనైతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగానికి వెళ్లి ‘వ్యూ సర్టిఫికెట్స్’ నొక్కండి. ‘అథారిటీస్’ జాబితాలో పాత యాంటీవైరస్ పేరు కనిపిస్తే దాన్ని తీసేయవచ్చు. మిగతా పేర్ల జోలికి వెళ్లకండి.

ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్ ఫైల్ చెడిపోతే: బ్రౌజర్‌ను పూర్తిగా మూసి, ప్రొఫైల్ ఫోల్డర్‌లోని సర్ట్9.డీబీ పేరు మార్చండి. మళ్లీ తెరిచినప్పుడు ఫైర్‌ఫాక్స్ కొత్తది తయారుచేసుకుంటుంది. డిలీట్ చేయకుండా పేరు మార్చమనడం ఎందుకంటే, మీ సొంత డిజిటల్ సర్టిఫికెట్ అందులో ఉండి ఉండవచ్చు. కీ4.డీబీని మాత్రం కదిలించకండి. పాస్‌వర్డ్‌లన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

బుక్‌మార్కులతో సహా అన్నీ మాయమైతే: భయపడకండి. ఫైర్‌ఫాక్స్ 67 నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు విడిగా ప్రొఫైల్ ఉంటుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఖాళీ ప్రొఫైల్ తెరుచుకుని ఉండవచ్చు. అబౌట్:ప్రొఫైల్స్ పేజీలో పాతది కనిపిస్తుంది. కొత్త వెర్షన్‌లో వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌లో తెరవనివ్వకపోవడం కూడా ఆ వెర్షన్ నుంచే మొదలైంది. అలాంటప్పుడు బ్రౌజర్‌ను అప్‌డేట్ చేస్తే చాలు.

డిజిటల్ సంతకం ఆగిపోతే: టోకెన్ డ్రైవర్‌ను కొత్త కంప్యూటర్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఎమ్‌సైనర్‌ను పోర్టల్ నుంచే దించుకుని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో నడపండి. బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 చిరునామాను తెరిచి, హెచ్చరిక వస్తే ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ముందుకు వెళ్లండి. ఆ తర్వాత పోర్టల్‌లో మళ్లీ సంతకం ప్రయత్నించండి. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు డిజిటల్ సంతకమే వాడాలి. సొంత వ్యాపారం చేసుకునేవారైతే ఓటీపీతో పనిచేసే ఈవీసీ పద్ధతిలో రిటర్న్ వేయవచ్చు. గడువు రోజున టోకెన్‌తో కుస్తీ పట్టడం కంటే అది మేలు.

‘ప్రొసీడ్’ ఎప్పుడు నొక్కవచ్చు?

గుర్తుపెట్టుకోవడానికి ఒకటే సూత్రం. చిరునామా మీ సొంత కంప్యూటర్‌దైతే, అంటే 127.0.0.1 అయి, ఆ సాఫ్ట్‌వేర్‌ను మీరే పెట్టుకుని ఉంటే నొక్కవచ్చు. మీ ఇంటి రౌటర్ సెట్టింగ్స్ పేజీ కూడా ఇలాంటిదే. బయటి సైట్ ఏదైనా సరే, అందులో పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్, కార్డ్ వివరాలు ఇవ్వాల్సి ఉంటే నొక్కకండి.

‘ప్రభుత్వ సైటే కదా, ఏమవుతుంది’ అనుకోవడం సరికాదు. హెచ్చరిక వచ్చిందంటే అవతల ఉన్నది ఆ ప్రభుత్వ సైటేనని బ్రౌజర్ నిర్ధారించలేకపోయిందని అర్థం. పైన ప్రభుత్వ పేరు ఉన్నంత మాత్రాన నమ్మలేం అనడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ విభాగం పేరుతో గూగుల్ డొమైన్‌లకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ గుర్తించింది. అవి చెల్లకుండా క్రోమ్ వెంటనే అడ్డుకుంది. విండోస్ జాబితాలో ఆ రూట్ ఉండటంతో మైక్రోసాఫ్ట్ కూడా చర్య తీసుకోవాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో అది లేనందువల్ల ఆ బ్రౌజర్ వాడేవారిపై ప్రభావం పడలేదు.

కొన్ని సైట్లలో ‘ప్రొసీడ్’ లింకే కనిపించదు. హెచ్‌ఎస్‌టీఎస్ అనే నిబంధన పెట్టుకున్న సైట్లు అవి. దాన్ని దాటే చిట్కాల కోసం వెతకొద్దు. ఆ గోడ మీ కోసమే కట్టారు.

లోపం సైట్‌దే అయితే?

సర్టిఫికెట్ గడువు ముగిసినా సంబంధిత శాఖ కొత్తది పెట్టకపోవడం ఒక కారణం. సర్టిఫికెట్ల గడువు ఇప్పుడు తగ్గుతోంది. 398 రోజుల గరిష్ఠ పరిమితి 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గేలా బ్రౌజర్ సంస్థలు, సర్టిఫికెట్ సంస్థలు 2025లో నిర్ణయించాయి. చేతితో మార్చుకునే కార్యాలయాలు ఒక్కరోజు ఏమరిస్తే మీకు హెచ్చరిక తప్పదు. అలాంటప్పుడు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ రోజే గడువైతే సంబంధిత శాఖకు చూపడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

హెల్ప్‌లైన్ నంబర్‌ను గూగుల్‌లో వెతక్కండి. అదే పోర్టల్‌ను ఫోన్‌లో తెరిచి అందులో ఉన్న నంబర్‌కే చేయండి. ఏ హెల్ప్‌లైన్ అయినా స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఫోన్ మార్చినప్పుడు కూడా

ఫోన్‌లో ఇలాంటి హెచ్చరిక వస్తే ముందు తేదీ, తర్వాత వైఫై చూడండి. రైల్వేస్టేషన్, హోటల్ వైఫైలలో లాగిన్ పేజీ పూర్తి చేయకపోయినా ఇలా జరుగుతుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్’ అని వెతికి, ‘యూజర్’ ట్యాబ్ చూడండి. మామూలుగా అది ఖాళీగా ఉండాలి. ఆఫీసు వాళ్లు పెట్టింది కాకుండా ఇంకేదైనా ఉంటే, ఏ యాప్ పెట్టిందో తెలుసుకుని తీసేయండి.

మరీ పాత ఫోన్ అయితే సమస్య దానిదే కావచ్చు. 2021 సెప్టెంబర్ 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత రూట్ గడువు ముగిసినప్పుడు, అప్‌డేట్లు ఆగిపోయిన ఎన్నో పాత పరికరాల్లో బాగున్న సైట్లు కూడా తెరుచుకోలేదు.

మారే ముందు ఈ ఐదు పనులు

1. ఫోల్డర్ కాపీ చేసే బదులు సింక్ వాడండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వస్తాయి, పాత సర్టిఫికెట్ల గొడవ రాదు.

2. బ్రౌజర్‌లో దాచిన సొంత డిజిటల్ సర్టిఫికెట్ ఉంటే, పాత కంప్యూటర్‌లోనే దాన్ని పాస్‌వర్డ్‌తో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. యూఎస్‌బీ టోకెన్‌లో ఉన్న సంతకానికి ఇది అక్కర్లేదు, డ్రైవర్ ఉంటే చాలు.

3. కొత్త కంప్యూటర్‌లో ముందు విండోస్ అప్‌డేట్, తర్వాత యాంటీవైరస్, ఆ తర్వాత బ్రౌజర్, చివర్లో టోకెన్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయండి.

4. ప్రభుత్వ పోర్టళ్లు, బ్యాంకు పనుల కోసం ఒక ప్రొఫైల్ విడిగా పెట్టుకోండి. అందులో ఎక్స్‌టెన్షన్లు వద్దు.

5. పాత కంప్యూటర్‌ను వెంటనే అమ్మేయకండి. కొత్త దానిలో ఒక రిటర్న్ వేసి, సంతకం పడిందని చూసుకున్నాకే పాతదాన్ని ఫార్మాట్ చేయండి. ఈ పరీక్ష గడువుకు కనీసం వారం ముందు చేయడం మంచిది.